పిచ్చుక తల కొలత

"నా మనవరాలు ఈ గడప దాటదు!"

మాస్టారు వీధి తలుపుకు గడియ పెట్టి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఊళ్ళో సగం మందికి చొక్కాలు కుట్టిన మనిషి. ఎవరి ముందూ గొంతు పెంచి ఎరగడు. ఇవాళ మెడ నరాలు ఉబ్బి కనిపిస్తున్నాయి. మెడలో వేసుకున్న టేపు అటూ ఇటూ ఊగుతోంది.

"తప్పుకోండి మామయ్యా," అంది కోడలు. భుజాన సంచీ, చేతుల్లో పాప. "నాలుగింటిలోపు పెద్దాసుపత్రిలో ఉండాలి. ఇప్పటికే రెండున్నరయింది."

"పొద్దున నాతో ఒక్క మాటైనా చెప్పకుండా పిల్లని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమని ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు. అందుకే నేనే వెళ్ళాను. పది రోజులుగా పొద్దున లేవగానే కక్కుతోంది, చూడండి చూడండి అని మీ అందరి చుట్టూ తిరిగాను. పళ్ళొస్తున్నాయన్నారు అత్తయ్య. వేడి చేసిందన్నారు మీరు. ఈయనగారేమో చూద్దాం అన్నారు. పది రోజులు చూశాను. ఇక చూసేదేం లేదు."

ఈయనగారు, అంటే ఆమె భర్త, కొలతలు ఇవ్వడానికి వచ్చేవాళ్ళు కూర్చునే స్టూలు మీద కూర్చుని ఫోను చేతిలో తిప్పుతున్నాడు. లిఫ్టు మెకానిక్కు. పన్నెండో అంతస్తులో తాళ్ళ మధ్య వేలాడుతూ పని చేయడానికి భయపడడు గానీ, తండ్రికీ భార్యకీ మధ్య నిలబడాలంటే మాత్రం కాళ్ళాడవు.

ముందు గదే కుట్టు దుకాణం. రెండు మిషన్లు, పొడుగాటి కటింగు బల్ల, గోడకు కొక్కేలు, కొక్కేలకు సగం కుట్టిన చొక్కాలు. వెనక మిషను దగ్గర అత్తగారు తలొంచుకుని ఏదో కుట్టు విప్పుకుంటోంది. ఇంట్లో ఇంత రభస జరుగుతుంటే ఆవిడ చేతులు మాత్రం ఆగలేదు.

పాపను ఇంటిల్లిపాదీ పిచ్చుక అంటారు. పుట్టినప్పుడు అంత చిన్నగా ఉండేది. ఏడు నెలలు నిండాయి. ఈపాటికి బోర్లా పడి, పక్కన ఏది దొరికితే అది లాగి పారేయాల్సిన పిల్ల. ఆసరా ఇస్తే కూర్చోవాల్సిన పిల్ల. ఇంకా మెడే నిలబెట్టలేకపోతోంది. తల తల్లి మోచేతి మీద బరువుగా వాలిపోయి ఉంది. కళ్ళు కిందికే చూస్తున్నాయి. నల్లగుడ్డు పైన తెల్లగా కనిపిస్తోంది.

"ఇంతకీ ఆ డాక్టరమ్మ ఏమంది?" అన్నాడు మాస్టారు. అడిగినట్టు లేదు, నిలదీసినట్టుంది.

"ఇందాక చెప్పాను కదా."

"మళ్ళీ చెప్పు. మీ ఆయన కూడా వింటాడు."

"తల చుట్టుకొలత నలభై ఆరు సెంటీమీటర్లు దాటిందంది. మాడు ఉబ్బి, బిగిసి ఉందంది. తలలో నీళ్ళు చేరుతున్నాయేమో, ఇవాళే స్కాను తీయాలంది. నిజంగా నీళ్ళే అయితే ఆపరేషను చేసి, సన్న గొట్టం వేసి, ఆ నీళ్ళు పొట్టలోకి దిగేట్టు చేస్తారట. ఈ మొదటి ఏడాదిలో మెదడు ఎదిగినంత వేగంగా జన్మలో ఇంకెప్పుడూ ఎదగదట మామయ్యా. పుట్టినప్పుడున్నదానికి ఏడాది తిరిగేసరికి రెండింతలు అవుతుందట. అలా ఎదగాల్సిన మెదడును నీళ్ళు నొక్కేస్తుంటే ఒక్కో రోజూ నష్టమేనట. ఇంకెన్నిసార్లు చెప్పను?"

"నలభై ఆరు! అబద్ధం." మాస్టారు బల్ల మీదున్న కార్డు తీసి గాల్లో ఆడించాడు. "పోయిన బుధవారమేగా కొలిచింది? నలభై నాలుక్కి కాస్త తక్కువ. ఇదిగో, నర్సమ్మ రాసింది. పిల్లలందరిలాగే ఉంది. ఏడు నెలలు, ఏడు గళ్ళు, ఏడూ నా చేత్తో కొలిచినవే. వారం రోజుల్లో తల అంగుళం పెరుగుతుందా ఎక్కడైనా?"

ఆ సంగతీ నిజమే. ప్రతి నెలా మొదటి బుధవారం నర్సమ్మ ఈ వీధి పిల్లల్ని ఈ దుకాణంలోనే చూస్తుంది. దూలానికి తక్కెడ తగిలించి బరువు తూస్తుంది. తల మాత్రం మాస్టారే కొలిచేవాడు. నర్సమ్మ టేపు మీద అంకెలు అరిగిపోయాయి. అయినా కొలత విషయంలో మాస్టారిని మించినవాడు ఈ చుట్టుపక్కల ఎవడున్నాడు? ఆయన అంగుళాల్లో చెప్పేవాడు, ఆవిడ పట్టిక చూసి సెంటీమీటర్లలో రాసుకునేది. ఆ బుధవారాల్లో కోడలు ఫ్యాక్టరీలో ఉండేది.

"డాక్టరమ్మ కూడా అదే అంది," అంది కోడలు. "వారంలో అంత పెరగదు, ఎవరో తప్పు కొలిచారంది."

"అయితే ఆవిడే తప్పు కొలిచింది."

"నా ఎదురుగా మూడుసార్లు కొలిచింది మామయ్యా."

"నేను ముప్పై ఎనిమిదేళ్ళ నుంచి కొలుస్తున్నాను!"

మాస్టారి అరుపుకు పాప ఉలిక్కిపడి ఏడుపు మొదలెట్టింది. మామూలు పిల్లల ఏడుపు కాదది. సన్నగా, కీచుగా, తెగకుండా సాగే ఏడుపు. వింటుంటే కోడలికి ఒళ్ళు మండిపోయింది. ఈ ఏడుపు పది రోజులుగా ఇంట్లో అందరి చెవుల్లోనూ పడుతూనే ఉంది, ఒక్కరికీ పట్టలేదు.

"మీరేమంటారు?" అని భర్త వైపు తిరిగింది. "నోరు విప్పండి. కూతురు మీది కూడా."

అతను ఫోను జేబులో పెట్టుకున్నాడు. "నేనేమంటాను... నాన్న ఏడుసార్లు కొలిచారు. ఆవిడ ఒక్కసారి చూసింది. తొందరపడి చంటిదాని తల కోయించడం ఎందుకు? రేపో ఎల్లుండో ఇంకో డాక్టరుకి చూపిద్దాం."

"రేపో ఎల్లుండో!"

"అరవకు. వీధిలోకి వినిపిస్తుంది."

"వినపడనివ్వండి!"

ఆమె బేరింగుల ఫ్యాక్టరీలో తనిఖీ సెక్షనులో పని చేస్తుంది. రోజుకు వెయ్యి ముక్కలు ఆమె చేతుల మీదుగా పోతాయి, వెంట్రుక వాసి తేడా వచ్చినా పక్కన పడేస్తుంది. సంచీలో చెయ్యి పెట్టి ఆరంగుళాల స్టీలు స్కేలు తీసి బల్ల మీద ఠంగుమని పెట్టింది.

"టేపు ఇవ్వండి మామయ్యా."

"ఎందుకు?"

"మా దగ్గర కొలిచే పనిముట్టును కూడా కొలుస్తారు. ప్రతి సోమవారం. ఇవ్వండి."

మాస్టారి ముఖం ఎర్రబడింది. ఆయన టేపును అనుమానించిన మనిషి ఇంతవరకు పుట్టలేదు. అయినా మెడలోంచి లాగి బల్ల మీదకు విసిరాడు. కొత్త టేపే. కొడుకు కొనిచ్చి నాలుగు నెలలు కూడా కాలేదు.

ఆమె పాపను భుజానికెత్తుకుని, ఒంటి చేత్తోనే టేపు పక్కన స్కేలు పెట్టింది. ఆరు. జరిపింది. పన్నెండు. మళ్ళీ జరిపింది. పద్దెనిమిది. గీతకు గీత అతికినట్టు సరిపోయాయి.

"చూశావా!" మాస్టారు ఒంటికాలి మీద లేచాడు. "చూశావా? ఇప్పుడేమంటావు? నీ ఫ్యాక్టరీ స్కేలే చెప్పింది కదా! నా టేపులో తప్పుందా?"

"లేదు," అంది ఆమె.

"ఇక చాలు," అన్నాడు భర్త, స్టూలు మీంచి లేవబోతూ. "తేలిపోయింది కదా. లోపలికి పద, పిల్లకి పాలు పట్టు."

ఆమె కదల్లేదు. స్కేలును చూస్తూ ఉండిపోయింది. ఒక్క క్షణం తన మీద తనకే అనుమానం వచ్చింది. పొద్దున డాక్టరమ్మ కొలుస్తున్నప్పుడు కళ్ళారా చూసింది కదా. మరి ఇది?

"మా సెక్షనులో పనిముట్టు సరిగ్గా ఉండి లెక్క తప్పిందంటే, ఆ తర్వాత చూసేది కొలిచే మనిషిని," అంది మెల్లగా. "కొలవండి మామయ్యా. నా కళ్ళ ముందు."

"నన్నా పరీక్షిస్తావు?"

"అవును. మిమ్మల్నే."

కొలవనంటే ఓడిపోయినట్టు. మాస్టారు తలుపు వదిలి వచ్చాడు. కోడలు బల్ల మీద దుప్పటి మడిచి వేసి పాపను పడుకోబెట్టింది. ఎంత కోపంలో ఉన్నా, పాప మీద చెయ్యి వేసేసరికి ఆయన వేళ్ళు మెత్తబడ్డాయి. కనుబొమల పైనుంచి, చెవుల పైనుంచి, వెనక ఎత్తుగా ఉన్నచోటు మీదుగా టేపు చుట్టాడు. మడత లేకుండా సవరించాడు. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. బొటనవేలి గోరు గీత మీద ఆన్చి గట్టిగా చెప్పాడు.

"పదిహేడుంబావు. పోయిన బుధవారం ఎంతో ఇవాళా అంతే. రాసుకో."

"గోరు తీయకండి." ఆమె వంగి చూసింది. మళ్ళీ చూసింది. "ఏమండీ, ఇలా రండి. మామయ్య గోరు కింద ఎంతుందో చదవండి."

భర్త లేవలేదు.

"రండి అంటుంటే!"

వచ్చాడు. వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు.

"పద్దెనిమిది..." అన్నాడు. "పద్దెనిమిదింబావు."

"ఏంటి?" అన్నాడు మాస్టారు.

"మీరే చూడండి మామయ్యా."

మాస్టారు చూశాడు. కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని చూశాడు. "అదే కదా. పద్దెనిమిదింబావు. ఒకటి తీసేస్తే పదిహేడుంబావు."

"ఒకటి ఎందుకు తీసేయాలి?"

"తీసేయాలి కదా. మొదటి అంగుళం..." అని ఆగిపోయాడు.

పాత టేపుకు మొదటి అంగుళం లేదు. పదకొండేళ్ళ క్రితం కొసనున్న రేకు ముక్కతో సహా తెగిపోయింది. పారేయడానికి మనసొప్పక, కొలిచిన ప్రతిసారీ ఒకటి తీసేసి చెప్పడం అలవాటు చేసుకున్నాడు. పదకొండేళ్ళలో అది లెక్క కాకుండా పోయింది, ఊపిరి తీసుకున్నట్టు దానంతటదే జరిగిపోయేది. నాలుగు నెలల క్రితం చేతిలో టేపు మారింది. నోరు మారలేదు.

మాస్టారు టేపు మొదలు చేతిలోకి తీసుకుని, ఒకటి అనే అంకె మీద వేలు పెట్టాడు. వేలు తీసి మళ్ళీ పెట్టాడు.

వెనక మిషను దగ్గర్నుంచి వెక్కి వెక్కి ఏడుస్తున్న చప్పుడు వినిపించింది.

కోడలు తలతిప్పి చూసింది. అత్తగారి ఒళ్ళో ఒక చొక్కా ఉంది. కొత్తది, ఇంకా ఎవరూ తొడగనిది. పక్క కుట్లు రెండూ విప్పేసి ఉన్నాయి.

"ఏంటత్తయ్యా అది?"

"ఏం లేదమ్మా."

"కొత్త చొక్కా కుట్లెందుకు విప్పుతున్నారు?"

ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "బిగుతయిందని తిరిగొచ్చింది. మొన్న ఇంకొకటి. పోయిన నెల నాలుగు. ఆయనకి తెలిస్తే తలెత్తుకోలేరని దొడ్డిదారిన తీసుకుని, కుట్లు వదులు చేసి పంపిస్తున్నాను."

"ఎప్పట్నుంచి?"

"ఆ టేపు వచ్చినప్పట్నుంచి."

"నాకెందుకు చెప్పలేదే?" అన్నాడు మాస్టారు. గొంతు పీలగా ఉంది.

"ఎలా చెప్పను? మీ చేతిని చూసుకుని మీరెంత మురిసిపోతారో నాకు తెలీదూ?"

కోడలికి చొక్కాల గొడవ అక్కర్లేదు. అత్తగారి ఎదురుగా వెళ్ళి నిలబడింది. "పిల్ల తల కొలిచేది కూడా ఆ చేత్తోనే అని మీకు తట్టలేదా అత్తయ్యా?"

అత్తగారు ఒళ్ళోని చొక్కా తీసి పక్కన పెట్టింది.

"నాలుగు నెలలు! చొక్కా బిగుతైతే ఊరివాళ్ళు తెచ్చి మీ మొహాన కొట్టారు. ఇది తేలేదు కదా, దీనికి నోరు లేదు కదా! తట్టలేదా మీకు?"

"తట్టింది," అంది అత్తగారు.

ఆ మాట అన్నాక ఇంక ఆగలేకపోయింది. "ఆ కొలతతో ఆయన దీనికి టోపీ కుట్టారు. తలకి దిగలేదు. వెనకాల గుడ్డ అతికాను. రెండోదీ దిగలేదు. అప్పుడు నాకు భయమేసింది. మీరిద్దరూ డ్యూటీకి పోయాక నేనే కొలిచాను. ఆయన చెప్పినదానికి ఒక అంగుళం ఎక్కువొచ్చింది. నాకు చదువు రాదు, తప్పు చూశానేమో అనుకున్నాను. అందుకే సాయంత్రం వీడు రాగానే చెప్పాను."

"ఎవరికి?"

అత్తగారు కొడుకు వైపు చూసింది. "రెండు నెలలైంది. నేను చూసుకుంటాలే అమ్మా, నువ్వెవరికీ చెప్పకు అన్నాడు."

మాస్టారు కూడా కొడుకు వైపు తిరిగాడు. తండ్రి కొలతను నెత్తికెత్తుకుని ఇందాకటి దాకా వాదించిన కొడుకు, ఇప్పుడు నేల చూపులు చూస్తున్నాడు.

"మీకు తెలుసా?" అంది కోడలు. అరవలేదు. ఇంతసేపు అరిచిన మనిషి ఇప్పుడు చాలా మెల్లగా అడిగింది. "రెండు నెలలుగా తెలుసా?"

"ఖచ్చితంగా తెలీదు. అమ్మ ఏదో చెప్పింది..."

"మీరు కొలిచారా?"

అతను జేబులో ఫోను తడుముకున్నాడు.

"కొలిచారా లేదా?"

"కొలిచాను." అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అంగుళం తేడా ఉంది. ఫోనులో చూశాను. తల పెద్దదవడం, కళ్ళు కిందికి దిగడం, మెడ నిలబెట్టకపోవడం... అన్నీ రాసి ఉన్నాయి. సగం చదివి మూసేశాను. భయమేసింది. మా ఇంట్లో అందరివీ పెద్ద తలలే కదా, నాదీ పెద్దదే కదా అనుకున్నాను. నీకు చెబితే నిద్రపోవు. నాన్నకి చెబితే తట్టుకోలేరు. కార్డులో సరిగ్గానే ఉంది కదా, నర్సమ్మ కూడా ఏమీ అనలేదు కదా, తగ్గిపోతుందేమో అని..."

"తల తగ్గిపోతుందా?"

అతను ముఖం చేతుల్లో దాచుకున్నాడు.

"ఇందాక ఏమన్నావు? నాన్న ఏడుసార్లు కొలిచారు, ఆవిడ ఒక్కసారి చూసింది అన్నావు. అబద్ధమని తెలిసే అన్నావు. నీ భయం నువ్వు దాచుకోవడానికి దీని రెండు నెలలు తినేశావు. పెద్దవాళ్ళకి రెండు నెలలంటే ఏముంది? దీనికి పుట్టింది మొదలు ఉన్నదే ఏడు నెలలు!"

ఏడేళ్ళ కాపురంలో ఆమె అతన్ని నువ్వు అనడం అదే మొదటిసారి. అది ఎవరికీ తప్పుగా తోచలేదు, అత్తగారికి కూడా.

మాస్టారే వెళ్ళి గడియ తీశాడు. "పదమ్మా, వెళ్ళు," అన్నాడు. "నేను... నేనే..."

"మీరూ రండి మామయ్యా."

ఆయన అర్థం కానట్టు చూశాడు.

"నా కోపం చల్లారిందనుకోకండి. ఇంకా ఉంది, చాలా ఉంది. కానీ ఏ నెలలో అసలు కొలత ఎంతో అక్కడ మీరొక్కరే చెప్పగలరు. మీది తప్పు. తెలియక చేశారు. తెలిసి చేసినవాళ్ళని వెంటబెట్టుకుని తిరిగే ఓపిక నాకు లేదు."

భర్త రెండడుగులు ముందుకు వేశాడు. ఆమె అతని పక్కనుంచే బయటికి నడిచింది. మాస్టారు చెప్పుల్లో కాళ్ళు దూర్చి, కార్డు జేబులో పెట్టుకుని ఆమె వెనకే పరుగెత్తాడు.

టాక్సీలో ఆమె కుదుపులకు పాప తల కదలకుండా చేత్తో పట్టుకుని కూర్చుంది.

పెద్దాసుపత్రిలో పేర్లు రాసుకునే గుమాస్తా లావుపాటి కళ్ళద్దాల ఆవిడ. డాక్టరు చీటీ, మాస్టారిచ్చిన కార్డు చూసి, స్కాను గదికి ఫోను చేసి, ఫారం ముందుకు లాక్కుంది. కార్డులో కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయే, అని అనుమానంగా అడిగింది. మాస్టారు పట్టుబడ్డ దొంగలా చేతులు కట్టుకుని ముందుకు వచ్చాడు.

"సరిగ్గా లేవమ్మా. నాలుగో నెల నుంచి తప్పు. నేనే తప్పు చెప్పాను. ప్రతిదానికీ ఒక అంగుళం కలపండి."

"ఎంతవుతుంది?"

"నాలుగో నెల పదహారూ ముప్పావు. ఐదో నెల పదిహేడుంబావు. ఆరు... పదిహేడూ ముప్పావు. ఏడు, పద్దెనిమిదింబావు." నెల నెలా పిల్ల తల ఎలా పెరుగుతూ వచ్చిందో ఆయనకు ఇప్పుడే కనబడింది.

ఆవిడ అన్నీ రాసుకుని పేజీ తిప్పింది. "తేడా ఉందని మొదట గమనించింది ఎవరు? ఎప్పుడు?"

కోడలు పాప నుదుటి మీద చెయ్యి తీయకుండానే చెప్పింది. "ఇద్దరు. ముందు నాన్నమ్మ. ఆ సాయంత్రమే వాళ్ళ నాన్న. రెండు నెలల క్రితం."

పెన్ను ఆగింది. "రెండు నెలలా? మరి ఇన్నాళ్ళూ ఎందుకు తీసుకురాలేదమ్మా?"

లోపలి తలుపు తెరుచుకుంది. ఆయా తొంగిచూసి, పాపను తీసుకురమ్మని సైగ చేసింది. అదే సమయానికి వీధి వైపు తలుపు తోసుకుని, రొప్పుతూ, చెమటలు కక్కుతూ భర్త వచ్చాడు. గేటు దగ్గర్నుంచి పరుగెత్తి వచ్చినట్టున్నాడు. తండ్రిని చూసి, భార్యను చూసి, కౌంటరు దగ్గరే ఆగిపోయాడు.

"ఆయనే వాళ్ళ నాన్న," అంది ఆమె. "ఆయన్నే అడగండి."

పాపను గుండెకు హత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. తలుపు మూసుకుంది.

గుమాస్తా కళ్ళద్దాలు సవరించుకుని, ఆ ఖాళీ గడి మీద పెన్ను పెట్టి అతని వైపు చూసింది.

"చెప్పండి. ఎందుకు తీసుకురాలేదు?"